తలుపు ఊడదీసిన ఆదివారం

ప్రామిసరీ నోటు గడువు సోమవారంతో తీరుతుందని వకీలు అనురాధ సుగుణమ్మకు ముందే చెప్పింది. మూడేళ్లు దాటితే కోర్టు ఆ కాగితాన్ని ముట్టదు. బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మాత్రం మరో మూడేళ్లు బతుకుతుంది.

"కాని వాని ఇష్టంతోని పెట్టాలె అక్కా. బెదిరిచ్చి పెట్టిచ్చుకుంటే నీ మెడకే సుట్టుకుంటది."

రెండు లక్షలు. బొంగులూరు దగ్గర వెంచర్ కింద పోయిన పొలానికి ఆమెకు మిగిలింది అంతే. సెంట్రింగ్ పనిచేసే ఇస్తారి సామాను కొనడానికి ఆ డబ్బు అప్పుగా తీసుకున్నాడు. ఆదివారం వస్తే అయిదు వేలు కట్టి చెల్లు రాస్తానని ఫోన్‌లో అన్నాడు.

తమ్ముడు శ్రీపాల్ నమ్మలేదు. తలుపు పీకితేనే బాకీ రాలుతుందన్నది వాళ్ల నాయన నాటి పద్ధతి. గడ్డపార భుజాన వేసుకుని అక్క వెంట ఇస్తారి ఇంటికి వచ్చాడు. భయపెట్టడానికేలే అనుకుని ఆమె వద్దనలేదు.

"అయిదు వేలేందిరా ఇస్తారీ, బిచ్చమేస్తున్నవా?"

ఇస్తారి బయటికొచ్చేలోగా శ్రీపాల్ గడ్డపారను తలుపు బిగించిన బందుల్లో దూర్చి ఎత్తాడు. తలుపు పెళపెళమని ఊడింది. ఇస్తారి ఉరికొచ్చి దర్వాజ పట్టుకున్నాడు. అలా పట్టుకున్న కుడిచేతి వేళ్ల మీదే గడ్డపార దిగింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. అతని భార్య మనోజ కట్టెతో శ్రీపాల్ నెత్తి పగలగొట్టింది. వాడు ఆమె కడుపులో తన్నాడు. ఆమె ఊడిన తలుపు మీద పడి లేవలేకపోయింది.

సుగుణమ్మ చేతిలోని నోటు గుంజుకుని, శ్రీపాల్ ఇస్తారి గొంతు మీద మోకాలు పెట్టాడు. అతని ఎడమ బొటనవేలిని అతని రక్తంలోనే అద్ది నోటు వెనక ఒత్తాడు.

"ఇగో అక్కా. ఇంకో మూడేండ్లు ఫికర్ లేదు."

తడి కాగితం అందుకోగానే సుగుణమ్మకు వకీలు మాట గుర్తొచ్చింది. దీన్ని కోర్టులో పెడితే మొదట నోరు విప్పేది ఈ రక్తమే. ఆమె చూపు తలుపులేని ఇంట్లోకి పోయింది. గూట్లో మడతపెట్టిన అయిదు వందల నోట్లు, వాటి మీద పెన్ను.

ఆమె కొంగు చింపి ఇస్తారి చేతికి చుట్టసాగింది.

"ఆటో పిలువు. దవాఖానకు పోవాలె. ఆడికెల్లి ఠాణాకు."

"మరి నీ రెండు లక్షలు?"

"ఠాణాల జరిగింది నువ్వు చెప్పకుంటే నేనే చెప్త. నిన్ను ఎంటవెట్టుకొచ్చింది నేనే గద."