కత్తిరించిన అంచులు

అత్తయ్య బస్సు దిగి ఇంటికొచ్చేసరికి టాబ్‌కి ఎర్ర రిబ్బను కట్టి వంటింటి గట్టు మీద సిద్ధంగా పెట్టాను. పెళ్లయి నలభై మూడు రోజులు. ఈ ఇంట్లో నా సొంత తెలివితో చేసిన మొదటి పని ఇది. పొద్దున్నుంచి నాలో నేనే నవ్వుకుంటూ తిరుగుతున్నాను. కంచరపాలెంలో మా ఇంటి వెనకే రైలు పట్టాలు. గూడ్సు బండి వెళ్తుంటే గట్టు మీది స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఆ చప్పుడు కూడా నాకింకా కొత్తే, ఇంకా ఇష్టమే.

మా అత్తయ్య చిలకమ్మ పెళ్లిళ్లకు వంట చేస్తుంది. ఆవిడకొక పద్ధతి ఉంది. సరుకులు తను కొనదు. పెళ్లివాళ్లు ముందుగా ఇంటికొచ్చి చాప మీద కూర్చుంటారు. ఆవిడ వంటల పుస్తకం ఒళ్లో పెట్టుకుంటుంది. వాళ్లు వంటకం పేరు చెప్పగానే ఆ పేజీ తీసి, పప్పు ఇంత, నూనె ఇంత, ఉప్పు ఇంత అని చెబుతుంది. వాళ్లు రాసుకుని పూర్ణా మార్కెట్టుకు వెళ్తారు. చిలకమ్మ చీటీ రాయిస్తే భోజనాల బంతి మధ్యలో ఏదీ తగ్గదు, ఆఖర్న ఏదీ పారబోయక్కర్లేదని పేరు.

ఆ పుస్తకానికి అట్ట లేదు. విషయసూచిక ఎప్పుడో ఊడిపోయింది. అంకెలుండే మూలలు విరిగి రాలిపోయాయి. కొత్తలో నేను గుత్తివంకాయ కోసం అందులో ఇరవై నిమిషాలు వెతికి, దొరక్క, ఫోన్లో చూసి వండాను. అత్తయ్య మాత్రం బొటనవేలితో అంచు తడిమి రెండు క్షణాల్లో తీసేది. నిండా నూనె మరకలు, పసుపు మరకలు. అంచుల్లో పెన్సిలు గీతలు, చుక్కలు, సున్నాలు. అవి మా ఆయన ఉమాశంకర్ చిన్నప్పుడు గీసిన పిచ్చి గీతలనుకుని, ఒకటి రెండు పేజీలు ముద్దు కూడా పెట్టుకున్నాను.

అత్తయ్య నాలుగు రోజులు అనకాపల్లి పెళ్లికి వెళ్లింది. చీటీ ముందే రాయించేసింది కనుక పుస్తకం ఇంట్లో ఉండిపోయింది. నేను దాన్ని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి వెన్ను కోయించాను. కూర్చుని తొంభై రెండు కాగితాలూ రెండు వైపులా ఫోన్‌తో స్కాన్ చేశాను. ఆ యాప్ మరకలన్నీ తుడిచేసి, నలిగిన అంచులు సాపుచేసి, అచ్చును నల్లగా, కాగితాన్ని తెల్లగా చేసి ఇచ్చింది. అన్నీ టాబ్‌లోకి ఎక్కించి, వంటకాల పేర్లన్నీ వరుసగా టైపు చేశాను. పేరు మీద నొక్కితే పేజీ వస్తుంది. ఫోన్ నిండిపోయి ఇబ్బంది పెడుతుంటే మరకలతో ఉన్న మొదటి ఫొటోలు తీసేశాను. విడి కాగితాలను వన్ టౌన్‌లో బైండింగు చేసే శ్రీరామ్మూర్తి గారికిచ్చి, కొత్త పుస్తకంలా చేసిపెట్టమన్నాను. రేపు ఇస్తానన్నాడు.

అత్తయ్య సంచి దించి, కాళ్లు కడుక్కుని వచ్చి, రిబ్బను చూసి నవ్వింది.

"ఏటమ్మా ఇది, పెళ్లికూతురికి కట్టినట్టు కట్టీసేవు?"

విప్పి చూపించాను. పేర్ల పట్టిక తెరిచి, ఏం కావాలో దాని మీద నొక్కమన్నాను. అత్తయ్య వేలు పేర్ల మీద గాల్లో పైకీ కిందికీ తిరిగింది. ఎక్కడా ఆగలేదు. కొత్త వస్తువు కదా, భయపడుతోందనుకున్నాను. ఆ వేలు పట్టుకుని నేనే పులిహోర మీద నొక్కించాను. పేజీ వచ్చింది. ఆవిడ అచ్చు వైపు చూడలేదు. పక్కనున్న ఖాళీ తెలుపు వైపు చూసింది.

"దీని పక్కన గీతలేవి?"

మురికంతా పోయిందని, యాప్ దానంతట అదే శుభ్రం చేస్తుందని చెప్పాను. గొప్పగానే చెప్పాను.

"పుస్తకమేదీ?"

చెప్పాను. అత్తయ్య లేచి వెళ్లి వీధి తలుపు మూసింది. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడి, పక్కింటికి వినబడనంత మెల్లగా అంది.

"నాకు సదువు రాదమ్మా. అచ్చరం ముక్క రాదు."

అప్పుడు తెలిసింది. ఇరవయ్యేళ్ల కిందట మామయ్య ఒక్కొక్క పేజీలో వంటకం పేరు చదివి వినిపిస్తే, వందమందికి ఏది ఎంత పట్టిందో వండి చూసుకుని, ఆవిడ అంచులో తన లెక్క పెట్టుకుంది. సున్నా ఐదు కిలోలు. నిలువు గీత కిలో. చుక్క పావుకిలో. పైన పప్పో బియ్యమో కూరగాయో, దాని కింద నూనె, ఆ కింద కారం, అన్నిటికన్నా కింద ఉప్పు. ఏ పేజీ ఏదో మరకలను బట్టి తెలుస్తుంది. పులిహోరకి చేప ఆకారంలో పసుపు మరక. బొబ్బట్లకి నెయ్యి కారి అవతలి వైపు కనబడే పేజీ. మామయ్య పోయాక ఈ సంగతి తెలిసినవాళ్లు లేరు. కొడుక్కి కూడా తెలియదు.

"కొండలరావు బాబు ఇయ్యాల నాలుగ్గంటలకి వస్తాడు," అంది అత్తయ్య. "మూడొందలమంది. పదహారు రకాలు. నా వొళ్లో పుస్తకం నేదు."

కొండలరావు గారు ఈ వీధికి పెద్ద. ఆయన కూతురి పెళ్లి. ఆయన బావమరుదులు ద్వారకానగర్‌లో ఒక కేటరింగు వాళ్ల దగ్గరికి వెళ్దామంటున్నారట. అక్కడ జాబితా కంప్యూటర్లో కొట్టి ఇస్తారట. ఆయన మాత్రం ముందు చిలకమ్మని అడుగుతానన్నాడు. ఇవాళ ఆవిడ తడబడితే ఈ పెళ్లి ఒక్కటే పోదు. ఆయన వదిలేసిన మనిషిని ఈ వీధిలో ఇంకెవరూ పిలవరు.

రేపటిదాకా ఆగక్కర్లేదని, ఇప్పుడే వెళ్లి విడి కాగితాలే తెచ్చేస్తానని లేచాను. చెప్పులు వేసుకుంటుండగా, ఆ బైండింగు ఆయన నన్ను అడిగిన చివరి మాట గుర్తొచ్చింది. అంచులు నలిగిపోయాయి, మూడు వైపులా కోసి సమం చెయ్యమంటారా అని అడిగాడు. శుభ్రంగా కోసెయ్యండి అన్నాను.

అత్తయ్యకు ఆ మాట చెప్పలేదు.

శ్రీరామ్మూర్తి గారికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. ఉమాశంకర్ స్టీల్ ప్లాంటులో పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. ఫోన్ లాకర్లో ఉంటుంది. ఒంటిగంట అయింది. ఆటో ఎక్కాను. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టుకు వెళ్లే లారీలు వరసకట్టి ఉన్నాయి. మా ఆటో రెండు లారీల మధ్య ఇరుక్కుని కదల్లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. భోజనానికి వెళ్లి ఉండాలని, మిషన్ దగ్గర ఉండకూడదని మనసులో మొక్కుకుంటూ కూర్చున్నాను. చివరకు ఆటో దిగి పాత పోస్టాఫీసు దాకా నడిచాను. నడవలేదు, పరిగెత్తాను.

కొట్లో శ్రీరామ్మూర్తి గారు చక్రం తిప్పే కటింగు మిషన్ పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. బల్ల మీద మా పుస్తకం ఉంది. మూడు వైపులా సమంగా, ఇటుకలా ఉంది.

"ఇప్పుడే అయిపోనాదమ్మా. సూడు, ఎంత ముద్దుగా ఉందో."

తెరిచాను. అచ్చు మొత్తం ఉంది. అంచు లేదు. ఒక్క గీత లేదు, ఒక్క చుక్క లేదు. కోసిన ముక్కలేవని అడిగాను. ఆయన మిషన్ కింది గోనెసంచి చూపించాడు. బడి నోటుపుస్తకాలవీ, ఆఫీసు రిజిస్టర్లవీ, అన్నిటి ముక్కలూ అందులోనే పడతాయట. మూడున్నరకి పాత కాగితాల వాడు వస్తాడట.

సంచి నేల మీద కుమ్మరించాను. తెల్లటి కాగితపు పీలికలు మోకాళ్లెత్తున పడ్డాయి. ఏవి మావో ఎలా తెలుస్తుందని భయపడ్డాను గానీ, తెల్లవాటి మధ్య మావి ముదురు పసుపుగా, జిడ్డుగా, ఇంగువ వాసనతో వేరుగానే కనబడ్డాయి. యాప్ తుడిచేసిన మరకలే ఇప్పుడు నాకు దారి చూపిస్తున్నాయి. శ్రీరామ్మూర్తి గారు కాసేపు వింతగా చూసి, తరవాత తనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. ఎందుకని అడగలేదు. దొరికినన్ని సంచిలో వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని బయటపడేసరికి మూడు.

ఇంటికొచ్చి అత్తయ్య ముందు పెట్టాను. ఆవిడ ముక్కల వైపు చూసింది, కోసిన పుస్తకం వైపు చూసింది. నేను తిట్లకి సిద్ధపడ్డాను.

"నువ్వు మంచికే సేసేవు," అంది. "మంచికి సేసినా అడగాల."

అంతే. చాప పరిచి కూర్చుంది. ముక్కలు గాలికి ఎగరకుండా ఫ్యాను ఆపేశాం. చెమటలు కారుతున్నాయి. నేను పుస్తకంలో పేజీ తిప్పి పేరు చదివితే, ఆవిడ ఆ పేజీ అంచున మిగిలిన సగం మరక చూసి, దానికి అతికే మిగతా సగం కోసం ముక్కల్లో వెతికేది. నేను ఒక్కటి పోల్చేలోగా ఆవిడ మూడు పోల్చేది. పులిహోర పేజీలో చేప తల ఉంది, ముక్కలో తోక దొరికింది. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. గుమ్మడికాయ దప్పళం. పనసపొట్టు కూర. బొబ్బట్లు. సాంబారు. పదకొండు అతికాయి. గోడ గడియారం నాలుగు కొట్టడం, వీధిలో స్కూటర్ ఆగడం ఒకేసారి జరిగాయి.

కొండలరావు గారు బావమరిదితో వచ్చాడు. చాప నిండా కాగితపు పీలికలు చూసి గుమ్మంలోనే ఆగాడు. బావమరిది చేతిలో అచ్చు వేసిన కాగితం ఒకటుంది. ద్వారకానగర్ వాళ్లిచ్చిందేమో.

నేను టాబ్ తీసుకుని పక్కన కూర్చున్నాను. నేను అందులో చూసి చదువుతున్నట్టు నటిస్తే, అత్తయ్య ముక్కలు చూసి చెప్పడం వాళ్లు గమనించరని నా ఆలోచన. అత్తయ్య నా చేతిలోంచి టాబ్ తీసి గట్టు మీద బోర్లా పెట్టింది.

"బాబూ, ముందు ఒకటి సెప్పీసి అప్పుడు రాయిస్తాను. నాకు సదువు రాదు. ఇన్నాళ్లూ పుస్తకం సూసి సదివినట్టు సెప్పేను గానీ, నాను సదివింది ఈ అంచుల్లో గీతలే. అవి ఇయ్యాల తెగిపోనాయి. అతికించినకాడికి సెప్తాను."

బావమరిది కొండలరావు గారి వైపు చూశాడు. ఆయన చెప్పులు విడిచి వచ్చి చాప చివర, ముక్కలు తొక్కకుండా, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"పులిహోర," అన్నాడు.

అత్తయ్య ముక్క పట్టుకుని గీతలు వేలితో లెక్కపెట్టి, మూడు వందలకి హెచ్చించి చెప్పింది. ఆయన రాసుకున్నాడు. నేను పేజీ తిప్పుతున్నాను, ఆవిడ చెబుతోంది. మిగిలిన ఐదింటిలో నాలుగు అక్కడే, వాళ్ల ముందే అతికాయి. ఒక్కసారి బావమరిది తన కాగితంతో పోల్చి చూసుకుని, ద్వారకానగర్ వాళ్లు నూనె ఇంకో ఆరు కిలోలు ఎక్కువ రాశారని సణిగాడు. కొండలరావు గారు తరవాతి వంటకం పేరు చెప్పాడు.

పదహారోది వంకాయ మెంతికారం. పేజీ దొరికింది. ముక్క పై సగం దొరికింది. కింద సగం లేదు. కోసేటప్పుడు చిరిగిపోయి ఉండాలి. వంకాయలు, నూనె, కారం వరకు చెప్పి అత్తయ్య ఆగిపోయింది. ఉప్పు గీతలు లేవు. నేను చేతులతో చాపంతా తడిమాను. సంచి దులిపాను. లేదు.

బావమరిది వాచీ చూసుకున్నాడు. "ఉప్పేగదా అమ్మా, ఓ లెక్క సెప్పీ."

చెప్పేస్తుందనుకున్నాను. ఇరవయ్యేళ్లుగా వండుతున్న మనిషి. ఏదో ఒక అంకె చెప్పినా ఎవరికీ తెలియదు. నేను లోపల్లోపల చెప్పెయ్యండి, చెప్పెయ్యండి అనుకుంటున్నాను. అత్తయ్య చేతిలో సగం ముక్కను ఇటూ అటూ తిప్పింది.

"ఊహించి సెప్పను. మూడొందలమంది తినే కూడు. ఆ ముక్క దొరికితే సెప్తాను. నేదంటే ఓ ఐదు కిలోల కాయ వండి సూసుకుని సెప్తాను. అందాకా ఆ గీత ఖాళీగా ఒగ్గీ."

కొండలరావు గారు పెన్ను కాగితం మీద ఆనించాడు. వెనక గూడ్సు బండి వెళ్తుంటే గట్టు మీద గ్లాసులు మోగాయి. తరవాత ఆయన వంకాయ మెంతికారం కింద ఉప్పు అని రాసి, దాని ఎదురుగా ఏమీ రాయకుండా, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఎల్లుండి పొద్దున మార్కెట్టుకి ఎల్తాను. ఈలోపు నీ కోడలు చేత ఫోన్ చేయించు," అని లేచాడు. బావమరిది తన అచ్చు కాగితం పట్టుకుని ఏదో అనబోతే, "పద, మీ అక్క దేవి ఎదురుచూస్తాది," అంటూ భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లిపోయాడు.

స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అత్తయ్య కదల్లేదు. తరవాత నా వైపు తిరిగి, బజారు మూసెయ్యక ముందే వెళ్లి ఐదు కిలోల వంకాయలు తెమ్మంది. లేతవి చూసి తెమ్మంది.