నా గొంతు రాని రోజు

ఫోన్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కోమంటాడు మా ఆయన. నిజమే, ఫోన్ ఆయనది, మసి నాది. గిన్నెలు తోముతూనో, పోపు వేస్తూనో ఉంటాను, వీధి గదిలోంచి కేక వస్తుంది. "యమునా, మెసేజొచ్చింది. బేగి చెయ్యి కడుక్కుని రా, సదివీసి పో." చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నిలబడే చదివేసి మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగు. ఈలోగా పోపు మాడిందంటే మిగతా సంగతి మా అత్త తాయారు చూసుకుంటుంది. "ఊరికి పిడుగులు తప్పించీసరికి నా ఇంట్ల పప్పు మాడిపోనాది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వాలి. నవ్వకపోతే కోడలికి పొగరు.

మాది రామతీర్థం దగ్గర ఊరు. మా ఆయన ఉపేంద్రకు జంక్షన్‌లో ఎరువుల షాపు. చుట్టుపక్కల ఊళ్ల రైతుల నంబర్లన్నీ ఆయన ఫోన్లో ఉన్నాయి. యూరియా వచ్చిందనీ, ఫలానా పురుగుకు ఫలానా మందు కొట్టండనీ చెప్పడానికి వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. నేను విజయనగరంలో డిగ్రీ చదివాను. పెళ్లిచూపులప్పుడు ఆ చదువు గురించి ఇరువైపులా చాలా గొప్పగా చెప్పుకున్నారు. పెళ్లయ్యాక దాన్ని కాలేజీ ఫోన్‌తో సహా ట్రంకు పెట్టెలో పడేశాను. ఇంటికి ఒక ఫోన్ చాలదా అన్నారు. చాలదని అనడానికి నాకు ఎవరితో మాట్లాడే పని ఉంది కనుక.

పిడుగుల పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. ఒకనాడు షాపుకు క్యారేజీ పట్టుకెళ్లాను. ఆయన తింటున్నాడు, చెయ్యి ఎంగిలి. "ఏటో మెసేజొచ్చింది, సూడు" అన్నాడు. చూస్తే పిడుగుల హెచ్చరిక. అందరి ఫోన్లకూ వస్తుంది అది, మంచి ఆఫీసు తెలుగులో, అవకాశం కలదు, ఉండరాదు అంటూ. రోడ్డుకు అవతల మడిలో ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. వాళ్లలో చదువు రానివాళ్లే ఎక్కువ, వచ్చినవాళ్ల చేతులు బురదలో ఉన్నాయి. ఆ తెలుగు ఎవరికోసం పంపారో గానీ వీళ్లకు మాత్రం అందదు. నాకు ఏం తోచిందో, గ్రూపులో మైకు నొక్కి మా ఊరి మాటలో చెప్పేశాను. "ఒలే, మడిలో ఉన్నోలంతా బేగి లెగండి. పిడుగులొస్తన్నాయి. తాటిసెట్టు కిందకి ఎల్లకండి. పార ఆడే ఒగ్గీసి పాకలోకి పోండి." ఆ మధ్యాహ్నం గట్టు మీది తాటిచెట్టు నిలువునా కాలిపోయింది. దాని కింద అన్నం గిన్నెలు తప్ప మనుషులు లేరు.

అప్పటినుంచి అది నా పనైపోయింది. నాట్ల ముఠాను నడిపే గురమ్మ దగ్గర ఒక ఫోన్ ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గట్టు మీద పాతిన గొడుగు కర్రకు కట్టేది. నా గొంతు వినబడగానే స్పీకర్లో పెట్టేది. మబ్బు చూసి లేస్తే ఏ రైతూ ఒప్పుకోడు, పని ఎగ్గొడుతున్నారంటాడు. "యమునమ్మ సెప్పీసినాది" అంటే మాత్రం నోరెత్తేవాడు కాదు. ఆ ముఠాలో జగ్గమ్మని ఒకామె ఉండేది. గురమ్మ ఫోన్ లాక్కుని నాకు జవాబు పంపేది. "వస్తన్నామమ్మా, వస్తన్నాం. నీ మాటంటే మాకు దెబ్బకి సెలవే." వెనకాల అందరి నవ్వులు, బురదలో కాళ్లు తీస్తున్న చప్పుడు. ఆ జవాబును దొంగతనంగా ఎన్నిసార్లు విన్నానో. పెళ్లయ్యాక నేనొక మాట అంటే విని కదిలిన మనుషులు వాళ్లే. నాకు పట్టరాని సంతోషంగా ఉండేది, దాన్ని ఎవరి ముందూ పెట్టేదాన్ని కాదు, పెడితే దాన్నీ లాక్కుంటారని.

లాక్కోవడానికి పెట్టనక్కర్లేదని తర్వాత తెలిసింది. మొదట పేరు పోయింది. ప్రతి మెసేజ్ చివరా "ఉపేంద్ర ఎరువుల షాపు తరఫున" అని చెప్పమన్నాడు. నా పేరు కూడా చెప్పనా అంటే, "నీ పేరెందుకే, అందరికీ తెల్సు గదా" అన్నాడు. అందరికీ తెలిసిన పేరు ఆయనదే అయింది. జంక్షన్‌లో ఆయన్ని పిడుగుల ఉపేంద్ర అనడం మొదలుపెట్టారు. ఆయనా మొహమాటంగా నవ్వుతూ, "ఏదో మనకి సేతనైనంత" అనేవాడు. ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని మంచినీళ్లు తెమ్మనేవాడు.

తర్వాత గొంతు పోయింది. గ్రూపులో ఎవడో నా మెసేజ్ కింద ఎర్రటి గుండె బొమ్మ పెట్టాడు. ఇంకొకడు "ఇంకోపాలి సెప్పండి మేడమ్" అని పెట్టాడు. బొమ్మ పెట్టినవాణ్ణి మా ఇంట్లో ఒక్కరూ ఏమీ అనలేదు. మా ఆడబిడ్డ మొగుడు భోజనానికి వచ్చి, నేను వడ్డిస్తుండగా, "ఏటి బావా, మా ఊరి రచ్చబండ కాడ నీ పెళ్లాం గొంతే ఇంటన్నారు కుర్రోళ్లు" అన్నాడు. మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. మా అత్త అయితే ఆగలేదు. "మొగోల్ల జేబుల్లోంచి నా కోడలి గొంతు ఇనిపిత్తాది. నా కాలంలో మామగారు వీధిలోంచి వస్తే నానసలు దగ్గీదాన్ని కాదు." ఆ వారంలోనే ఆయన ఒక యాప్ ఎక్కించాడు. రాసిచ్చిన దాన్ని మగగొంతుతో చదువుతుంది, తడబడదు, దగ్గదు, దాని పోపు మాడదు. "నీకూ పని తగ్గుతాది గదా" అన్నాడు నాతో, చాలా దయగా. ఇంటెడు చాకిరీలో ఆయన నాకు తగ్గించింది ఆ ఒక్క పనే.

మొన్న నాట్ల రోజుల్లోనే పట్నంనుంచి ఏదో సంఘం వాళ్లు వచ్చారు, మా ఆయనకు శాలువా కప్పడానికి. ప్రజల ప్రాణాలు కాపాడుతున్నందుకట. కోడికూర, చేపల పులుసు, గారెలు, పొద్దున లేచిన దగ్గర్నుంచి నేను వంటింట్లోనే ఉన్నాను. అరిటాకులు వేశాక అన్నం గిన్నెతో వసారాలోకి వస్తే రామతీర్థం కొండ కనబడలేదు. అంత నల్లగా కమ్మేసింది, యాప్ వచ్చాక పిడుగుల మబ్బు ఇదే మొదటిసారి. మా ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆయన ఎడంచేత్తో తీసి, చూసి, ఏదో నొక్కి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"పిడుగులేనా?" అన్నాను. "ఫోనిలాగియ్యండి, నేనోపాలి సెప్తాను. ఇప్పుడంతా మడుల్లోనే ఉంటారు."

"యాప్ పంపీసింది. నువ్వు పెరుగు తే."

వచ్చినవాళ్లలో ఒకాయన మర్యాదస్తుడు. "మేడమ్ కూడా మీకు సాయం చేస్తారా అండీ?" అని అడిగాడు. "ఆ, ఖాళీగా ఉన్నప్పుడు సదివీది" అన్నాడు మా ఆయన. నేను పెరుగు తెచ్చాను. వరసగా వడ్డిస్తున్నాను. అప్పుడు పడింది పిడుగు. కిటికీ రెక్కలు అదిరాయి. "అబ్బ, ఎక్కడో దగ్గర్లోనే" అన్నారు ఎవరో. ఇంకొకరు, "మీ మెసేజ్ లేకపోతే ఈపాటికి ఎంతమంది పోయేవారో" అన్నారు. నా చేతిలో గరిటె అలాగే ఉంది. ఇక్కడ పెరుగు పడలేదమ్మా అంటే అటు వెళ్లాను.

పోయింది జగ్గమ్మ. వాళ్లు విస్తళ్లు ఎత్తకముందే కబురొచ్చింది. శాలువా మా ఆయన భుజాన అలాగే ఉంది. ఆయన మొదట చేసిన పని ఫోన్ తీసి చూసుకోవడం. "పోయింది. మెసేజ్ పోయింది. ఇదిగో రెండు టిక్కులు" అని అందరికీ చూపించాడు. మన తప్పేం లేదండీ అన్నారు వాళ్లు. ఆ సాయంత్రం పరామర్శకు వెళ్లినప్పుడూ ఆ ఫోన్ చేత్తో పట్టుకునే వెళ్లాడు. శవం దగ్గర నిలబడి ఎవరెవరికో ఆ టిక్కులు చూపించాడు. మా అత్త, "దాని రాత అలగున్నాది, ఎవులేటి సేస్తారు" అంది. నాకు అసహ్యం వేసింది. ఒక్కరిమీదని కాదు, మా ఇంట్లో నేను వండిన అన్నం తిన్న ప్రతివాళ్ల మీదా.

మర్నాడు నేను ఒక్కదాన్నే జగ్గమ్మ ఇంటికి వెళ్లాను. గురమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. పక్కన కూర్చోమని చాప జరిపింది.

"శాపు మెసేజొచ్చినాదమ్మా" అంది. "నమస్కారాలన్నాడెవుడో. ఉపేంద్ర ఎరువులన్నాడు. యూరియా వచ్చినాది కాబోలనుకుని ఆపీసినాను. మబ్బు సూసి జగ్గమ్మ అన్నాది, లెగిసిపోదుమేటే అని. నానే ఆపినాను. ఉండవే, యమునమ్మ ఇంకా సెప్పనేదు గదా అన్నాను."

ఆమే మళ్లీ అంది, మెల్లిగా, నాకు సర్దిచెబుతున్నట్టు. "నీ గొంతు రానేదు గదమ్మా. ఉత్తి మబ్బే అనుకున్నాం."

ఇంటికొచ్చి ఆ మాట ఆయనకు చెప్పాను. ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే బాధపడ్డట్టున్నాడు. ఆఖరికి తల ఊపుతూ అన్నాడు. "అయితే యాప్‌లో ఆడగొంతు పెడతాను. అందులో ఉన్నాది."

అప్పుడు అర్థమైంది నాకు. ఈయనతో దెబ్బలాడి లాభం లేదు. దెబ్బలాడాలంటే అవతలి మనిషికి ఏం పోయిందో తెలియాలి.

ట్రంకు పెట్టె తీసి నా కాలేజీ ఫోన్ బయటపెట్టాను. బస్సెక్కి విజయనగరం వెళ్లాను. ఎక్కడికే అని మా అత్త అడిగితే సిమ్ముకి అన్నాను. "ఎవుల పేర్న?" అంది. నా పేర్న అన్నాను. గురమ్మ నన్ను ఊరూరా తిప్పి ముఠాలు నడిపే ఆడవాళ్లందరి నంబర్లూ ఇప్పించింది. వాళ్లతో నా గ్రూపు పెట్టాను, గుండె బొమ్మలు పెట్టేవాళ్లెవరూ అందులో లేరు. మా ఆయన మూడంకె వేసుకుని పడుకుని గోడతో అన్నాడు, "ఒకింట్లో రెండు గ్రూపులేటే, జనం నవ్వుతారు." నవ్వనీ, నాకు అలవాటే.

ఇవాళ చేపలు కడుగుతున్నాను. కొండమీద మళ్లీ మబ్బు కట్టింది, నా ఫోన్ మోగింది. వసారాలో మా ఆయనా అత్తా ఇద్దరూ ఉన్నారు. లేచాను. చేతులు కడుక్కోలేదు. పొలుసులంటిన వేలితోనే మైకు నొక్కి, వాళ్లిద్దరికీ వినబడేలాగే చెప్పాను.

"ఒలే, నేను యమునని. పిడుగులొస్తన్నాయి, మడిలోంచి లెగిసి పాకల్లోకి పోండి. ఇంకోమాట సెప్తాను, అందరికీ సెప్పండి. ఏ రోజైనా మబ్బు పట్టి నా గొంతు రానేదనుకోండి, పిడుగు నేదని మాత్తరం అనుకోకండి. నా నోరెవులో మూసీసినారనుకోండి. నాకోసం సూడకండి. లెగిసిపోండి."