అరిగిన గడప

గల్ఫ్‌లో ఫుజైరా కొండల కింద ఖర్జూర తోటలో ఇంగ్లండు పల్లెటూరి రాతి ఇల్లు కట్టాలనేసరికి మేస్త్రీ ఆశన్నకు నవ్వొచ్చింది. మూరన్నర మందం గోడలు, చేటంత కిటికీలు, కప్పు మీద పెంకులు కూడా రాతివే. పైగా హాల్లో మనిషి నిలబడేంత పొయ్యిగూడు, చలి కాచుకోవడానికట!

"గీ ఎండల చలిమంట ఏందిరా?" అని ఫోర్‌మన్ దేవేందర్‌ని అడిగాడు. ఇద్దరిదీ జగిత్యాల పక్కే.

"మేడం వాళ్ల అమ్మ పుట్టిన ఇల్లు గట్లనే ఉండెనట. మనకెందుకే అన్నా, కట్టుడే మన పని."

ఇల్లు కట్టిస్తున్నది ఫైజా. ఆమె తల్లి ఇంగ్లీషావిడ, ఇక్కడికి కోడలై వచ్చి ముసలిదైంది, చూపు కూడా పోయింది. అక్కడ పుట్టిల్లు కూలగొడుతుంటే ఫైజా ఒక్క గడప రాయిని ఓడలో తెప్పించింది. తల్లిని ఆ గడప దాటించి లోపలికి తీసుకుపోవాలని ఆమె ఆశ. రాయి దింపేటప్పుడు జాగ్రత్తని పదేపదే చెప్పింది. పగలకుండా చూడమంటోంది కాబోలు అనుకున్నాడు ఆశన్న.

గోనె విప్పితే రాయి మధ్యలో పళ్లెమంత గుంత. కాళ్ల కింద అరిగి అరిగి పల్లమైపోయింది. ఆశన్న ప్రాణం ఒప్పుకోలేదు. ఇంత ఇంటికి గుంతపడ్డ గడపా? దాని మీద లక్ష్మి నిలుస్తుందా?

సెలవు రోజు దేవేందర్ దుబాయ్ వెళ్లాడు. అదే అదనుగా ఆశన్న ఉలి అందుకుని, గుంత ఆనవాలు లేకుండా రాయి పైభాగమంతా చెక్కేశాడు. రసమట్టం పెట్టి, చదునుగా ఉందని చూసుకుని మురిసిపోయాడు. గుమ్మంలో కూర్చోబెట్టి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. అడగని పనికి మెప్పు కోసం ఎదురుచూసేవాడి గతేమిటో లోకానికి తెలుసు, ఆశన్నకే తెలియదు.

మర్నాడు దేవేందర్ చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఏం జేసినవే అన్నా! ఆ గుంత కోసమే గదా రాయి తెచ్చింది. వాళ్ల అమ్మ, అమ్మమ్మ, వాళ్లకు ముందటోళ్లు తొక్కి తొక్కి పడ్డ గుంత అది!"

ఆశన్న చెవులు సిగ్గుతో కాలిపోయాయి. "మళ్ల గుంత చెక్కనా?" అన్నాడు. అనగానే ఆ మాటకు ఇంకా సిగ్గేసింది.

"నీ ఉలి, వాళ్ల కాళ్లు ఒకటేనా?"

అంతలో కారు ఆగింది. ఫైజా తల్లిని పట్టుకుని నడిపించుకొచ్చింది. గడప చూడగానే ఫైజా ముఖం పాలిపోయింది. ఆశన్న వైపు చూసింది. తిట్టినా, పనిలోంచి తీసేసినా సరే అనుకుని అతను తల దించుకున్నాడు.

ముసలావిడ చెప్పులు విడిచి, పాదం చాపి గుంత కోసం వెతికింది. ఇటు నుంచి అటు, మళ్లీ అటు నుంచి ఇటు. వేళ్లకు పసుపే అంటింది.

"ఇది మాది కాదు," అంది.

ఫైజా గొంతు సవరించుకుంది. "ఆ రాయి ఇంకా ఓడలోనే ఉందమ్మా. అప్పటిదాకా ఇది పెట్టించాను."

ఆ ఇంగ్లీషు మాటల్ని దేవేందర్ చెవిలో తెలుగు చేసి చెబుతుంటే ఆశన్నకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిట్టినా బాగుండేది.

ముసలావిడ మేస్త్రీ ఎవరని అడిగి, అతని చేతులు తడిమి పట్టుకుంది. కాయలు కాసిన ఆ అరచేతుల్ని నిమురుతూ ఏదో చెప్పింది. దేవేందర్ నేల చూస్తూ తెలుగులో అన్నాడు.

"ఇవి పని తెలిసిన చేతులట. ఆ రాయి వచ్చినంక నువ్వే పెట్టాల్నట. ఎవ్వరినీ దాని మీద ఉలి పెట్టనియ్యద్దట."

ఆశన్న ఫైజాను చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

"సరే అమ్మా," అన్నాడు.

ఆవిడ చేతులు వదల్లేదు. ఆ రాయి ఎప్పుడొస్తుందని అడిగింది; దేవేందర్ అదీ తెలుగులో చెప్పాడు.

"వస్తది అమ్మా, జల్దీ వస్తది." చూపులేని ఆవిడ ముందు కూడా ఆశన్న తల ఎత్తలేకపోయాడు.