పదకొండో స్థానం

పదకొండో స్థానంలో పెట్టడం అబద్ధమేమీ కాదని ఫెర్గస్ తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడు. దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌ల కోసం గ్లాస్గోలోని ఆ సంగీత పత్రిక ఒక్కో విమర్శకుణ్ణీ పది పేర్లే అడిగింది. పదకొండోదాన్ని ఎవరూ చూడరు. తన పాత బ్యాండ్ ఆల్బమ్‌కు అతను ఇచ్చింది సరిగ్గా ఆ చోటే. అతను డ్రమ్స్ వదిలేసి వెళ్ళిన ఏడాదికి వాళ్ళు దాన్ని చేశారు. ఈ పదేళ్ళలో మరే ఆల్బమ్‌నూ అతను అన్నిసార్లు వినలేదు. విన్న ప్రతిసారీ, తను వాయించి ఉంటే పాట ఎక్కడ చెడేదో తెలిసిపోయేది.

సంపాదకురాలు మోరాగ్ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ఇంకా పంపవేం? అందరివీ వచ్చేశాయి."

"ఇంకో గంట ఇవ్వు."

"మీవాళ్ళకి నువ్వు మానేశాకే తాళం కుదిరిందని ఇక్కడ ఒకటే నవ్వులు. నువ్వూ ఓటేస్తే మొదటి స్థానం వాళ్ళదే. ఏడవకుండా పంపు!"

అతనికి నవ్వు రాలేదు. వాళ్ళు ఓడిపోవాలని కోరుకుంటున్నది తనలోని విమర్శకుడా, ఆ పాత డ్రమ్మరా? ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు.

ఫోన్ పెట్టేశాడు. జాబితాలోని పది పేర్లనూ ఒక్కో మెట్టు కిందికి జరిపి, ఖాళీ అయిన మొదటి వరుసలో వాళ్ళ ఆల్బమ్ పేరు రాశాడు.