సాయంత్రం మాత్ర

మా ఆయన మింగింది అసలు మందేనని డాక్టరు ఫోన్ చేసి చెప్పిన రోజు, చాలాకాలం తర్వాత నేను కడుపునిండా తిన్నాను. ఆయన పోయి అప్పటికి ఒక ఎండాకాలం గడిచిపోయింది. ఆ కొత్త మందు ట్రయల్ ముగిసిందట. ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో ఇప్పుడే విప్పి చూశారట. మందు తిన్నవాళ్లకీ తిననివాళ్లకీ పెద్దగా తేడా కనిపించలేదనీ, అందుకే కంపెనీ ఆ మందును ఆపేస్తోందనీ కూడా అన్నాడు. ఆ రెండో మాట నేను పట్టించుకోలేదు. అసలు మందే దొరికింది, అయినా పోయాడు. అంటే మేం చేయగలిగిందంతా చేశాం. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. అన్నాళ్లూ ఉత్త పిండి మింగించి మనిషిని పోగొట్టుకున్నానేమోనని లోపల్లోపల కుళ్లిపోతున్నదాన్ని.

ఆయన లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు ఆగిపోతే అందరూ విసుక్కుంటూ మెట్లెక్కుతారు, మెకానిక్కు మాత్రం అందరికన్నా పైకి, మోటారు గది దాకా ఎక్కాలి. ఆ మెట్ల మీదే ఆయాసం మొదటిసారి బయటపడింది. ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోయే జబ్బన్నారు. నూటికో కోటికో ఒకరికి వస్తుందట, ఎందుకు వస్తుందో తెలియదట. ఉన్న మందులు దాన్ని కాస్త నెమ్మదిగా నడిపిస్తాయే తప్ప ఆపవట. అన్నీ విని ఆయన, ఇన్నేళ్లూ లిఫ్టులకి సర్వీసింగ్ చేశాను, ఇప్పుడు నా వంతు వచ్చిందంటూ నవ్వాడు. ఆయన అలా నవ్వినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ట్రయల్ సంగతి చెప్పింది ఆయన్ని చూపించిన హాస్పిటల్లోని నర్సు. కొత్త మందును పరీక్షిస్తున్నారు. చేరినవాళ్లలో సగం మందికి అది, మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరి సీసాలో ఏముందో డాక్టరుకు కూడా తెలియదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నేను ఒంటికాలి మీద లేచాను. జబ్బు నిజమైనప్పుడు మందు ఉత్తుత్తిదేమిటని అడిగాను. పక్కపక్కన పెట్టి చూడకపోతే మందు పనిచేస్తుందో లేదో ఎప్పటికీ తేలదని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నేను ఇంకా గొణుగుతూనే ఉన్నాను, ఈయన సంతకం పెట్టేశాడు.

నేను బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో పనిచేస్తాను. వచ్చిన ప్రతి బట్టకీ నంబరు చీటీ కుట్టడం, ఒకరి చొక్కా ఇంకొకరికి పోకుండా చూడటం నా పని. అందుకని హాస్పిటల్‌కి ప్రతిసారీ వెంట వెళ్లడం కుదిరేది కాదు. వెళ్లినప్పుడల్లా ఆ వరండాలో ఒకావిడ కనిపించేది. బస్సు కండక్టరుగా చేసి జబ్బు వల్ల మానేసిందట. వయసులో మాకన్నా పెద్దది. ఆమెదీ అదే జబ్బు, అదే ట్రయల్. ఊపిరి చాలకపోయినా నోటికి మాత్రం విశ్రాంతి ఉండేది కాదు. వరండాలో కూర్చున్నవాళ్లని కూడా ముందుకు జరగండి, ముందుకు జరగండి అంటూ సర్దేది. మా ఆయన ఆమెకి టికెట్టమ్మ అని పేరు పెట్టి, రెండోసారి కలిసేసరికి అక్కయ్యా అనడం మొదలుపెట్టాడు. నాకు ఆడపడుచులు లేని లోటు అలా తీర్చాడన్నమాట.

పొద్దుటి మాత్ర నేనే చేతిలో పెట్టేదాన్ని. సాయంత్రం మాత్ర మాత్రం బాల్కనీలో కూర్చుని తానే వేసుకునేవాడు. అప్పుడు నేను దగ్గరకు వెళ్తే చిరాకుపడేవాడు. జబ్బుమనిషి, కాసేపు తన మానాన తనని వదిలెయ్యమంటున్నాడు కాబోలనుకుని వదిలేశాను. రానురాను బాల్కనీ దాకా నడవడం కష్టమైంది. ఆ తర్వాత మంచం దిగడం కష్టమైంది. చివరికి పక్కన ఆక్సిజన్ యంత్రం గుర్రుమంటుండగా, నా చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పాలని చూసి, చెప్పడానికి ఊపిరి లేక పోయాడు. మంచినీళ్లు అడగబోయాడనుకున్నాను.

డాక్టరు ఫోన్ చేసిన కొద్దిరోజులకే టికెట్టమ్మ మా ఇంటికొచ్చింది. మనిషి తేలిపోయింది. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఊపిరి అందుకునేదాకా ఆగాను.

"నాకిచ్చింది ఉత్తుత్తిదట చెల్లెమ్మా" అంది.

అయ్యో అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ అయ్యో వెనక చిన్న గర్వం కూడా ఉంది. మాకు అసలుది దొరికింది కదా.

"కానీ నేను అసలుది కూడా మింగాను. తమ్ముడిది."

తర్వాత ఆమె ఆగి ఆగి చెప్పింది. ఆలోచన మా ఆయనదేనట. లిఫ్టును ఎప్పుడూ ఒక్క తాడుకి వేలాడదీయరు అక్కయ్యా, ఒకటి తెగితే ఇంకోటి పట్టుకుంటుంది అన్నాడట. రెండు సీసాలున్నాయి, దేంట్లో ఏముందో తెలియదు. ఎవరి సీసా వాళ్లే మింగితే ఒకరికి పూర్తిగా ఉండొచ్చు, ఒకరికి అసలు లేకపోవచ్చు. పొద్దున ఎవరిది వాళ్లు, సాయంత్రం ఒకరిది ఒకరు వేసుకుంటే ఇద్దరి తాడూ తెగదన్నాడట. ఆమె మొదట వద్దంది. ఈయన వదిలే రకమా, చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. హాస్పిటల్‌కి వెళ్లిన ప్రతిసారీ వరండాలోనే, కళ్లజోడు డబ్బాలో పోసి సాయంత్రం మాత్రలు మార్చుకునేవాళ్లు. మిగిలినవి నర్సు లెక్కపెడితే సరిపోయేవి. అనుమానం ఎవరికి వస్తుంది?

"తమ్ముడు పోయాక నాకు నా సీసాయే మిగిలింది. అప్పట్నించి మళ్లీ ఆయాసం ఎక్కువైంది. దిగులు వల్లనుకున్నాను. డాక్టరు ఫోన్ చేశాక అర్థమైంది" అంది.

మా ఆయన సగమే మింగాడు. నేను పొద్దుటే చేతిలో పెట్టిన సగం ఆయన లోపలికి పోయింది. రెండో సగం ఈ మనిషి లోపలికి పోయింది. దానికి బదులు ఆయన బాల్కనీలో కూర్చుని ఉత్త పొడి మింగాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకోవన్నాడు."

"ఒప్పుకోను. ఎందుకొప్పుకుంటాను? నా మొగుడి మందు ఊళ్లోవాళ్లకి పంచిపెడతానంటే ఏ పెళ్లాం ఒప్పుకుంటుంది?"

ఆమె తల వంచుకుంది. ఇక వెళ్లమన్నాను. వెళ్లింది.

పోయినవాడితో పోట్లాడటమంత దండగ పని ఇంకోటి లేదు. మాట తిప్పికొట్టడు, అలిగి అన్నం మానెయ్యడు. అయినా ఆ సాయంత్రమంతా పోట్లాడాను. దుకాణంలో ముందున్నవాళ్లకి చిల్లర తక్కువైతే తన జేబులోది వేసేవాడు, నేనూరుకున్నాను. కొత్తగా కొన్న దుప్పటి వాచ్‌మన్‌కిచ్చి వస్తే ఊరుకున్నాను. ఊపిరి కూడా ఊళ్లోవాళ్లకి పంచాలా, అప్పుడైనా నేను గుర్తుకు రాలేదా అని అడిగాను. ఆయన ఊపిరి ఆయనది మాత్రమే అనుకున్నాడు. అందులో నాకూ వాటా ఉందని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పనిలో ఉండగా రెండు తెల్లచొక్కాలు ఒకేలాంటివి వచ్చాయి. ఒకదానికి నంబరు కుట్టి రెండోది చేతిలోకి తీసుకున్నదాన్ని అలాగే ఆగిపోయాను. ఈ చీటీలు తారుమారైతే, ఒకరి చొక్కా మీది మరక ఇంకొకరి ఖాతాలో పడుతుంది. హాస్పిటల్ వాళ్ల లెక్కలో మా ఆయన అసలు మందు పూర్తిగా తిని పోయినవాడు. టికెట్టమ్మ ఏ మందూ తినకుండానే నిలబడ్డ మనిషి. రెండూ అబద్ధాలే. తేడా లేదని డాక్టరు ఫోన్‌లో అన్న రెండో మాట అప్పుడు నా చెవిలో పడింది. చొక్కా అక్కడే పెట్టి, సెలవు చెప్పి, తిన్నగా ఆమె ఇంటికి పోయాను. తలుపు తీసిన టికెట్టమ్మ నన్ను చూసి భయపడింది. చెప్పులు వేసుకోండి, డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను. చెప్పులేసుకుని వచ్చింది.

డాక్టరు అంతా విన్నాడు. మధ్యలో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ పెట్టుకోలేదు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"మా ఆయన సగం మందుతో పోయాడని రాసుకోండి" అన్నాను. "మందు పనిచేయక పోయాడని రాయకండి. ఈమె కూడా ఊరికే నిలబడలేదు, మందు తిని నిలబడింది. అది మందు ఖాతాలో వెయ్యండి."

అలా మార్చడానికి వీల్లేదన్నాడు. ఎవరికి ఏ సీసా ఇచ్చారో దాన్ని బట్టే లెక్క, ఎవరు నిజంగా ఏది మింగారో తర్వాత వచ్చి చెప్పినదాన్ని బట్టి కాదు. అలా మార్చుకుంటూ పోతే ఎవరికి కావలసిన జవాబు వాళ్లు రాబట్టుకుంటారు, అందుకే ఆ నియమం. తాను పైవాళ్లకి తెలియజేస్తాడు, నివేదిక చివర ఒక మాట రాస్తారు. కానీ కంపెనీ ఆ పని మూసేసింది, మందు తయారవడం లేదు. మా వాళ్లిద్దరి వల్లే ఇలా అయిందంటారా అని అడిగాను. ఇద్దరితోనే తారుమారయిందని చెప్పలేను, కానీ అరుదైన జబ్బు, చేరినవాళ్లే తక్కువమంది, ఇద్దరు కూడా లెక్కేనన్నాడు. మిగతా హాస్పిటళ్ల వరండాల్లో ఇంకెంతమంది ఇలా పంచుకున్నారో అన్నాను.

లేచే ముందు, అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"పూర్తిగా మింగి ఉంటే బతికేవాడా?"

"తెలియదమ్మా" అన్నాడు. "తెలుసుకోవడానికే ఇదంతా చేశాం."

బయటికొచ్చాం. టికెట్టమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. నాకు ఒకటే ఆలోచన. ఆయన నాతో చెప్పి ఉంటే రాద్ధాంతం చేసేదాన్ని, సీసా బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని, ఆయన మాత్ర ఆయన చేతే మింగించేదాన్ని. అప్పుడు ఆయన ఉండేవాడేమో, ఈమె పోయేదేమో. లెక్క మాత్రం సరిగ్గా తేలేది. మందు మంచిదైతే నిలబడేది, ముక్కూమొహం తెలియని ఎంతమందికో అందేది, ఎప్పుడో ఒకప్పుడు ఈమెకీ అందేదేమో. నా పిసినారితనం చేయగలిగిన మేలును ఆయన మంచితనం చెడగొట్టింది. మంచివాడని ఆయన గురించి ఎవరు చెప్పినా ఇకమీద నేనేం అనాలో నాకు తెలియడం లేదు.

"నన్ను ఏదో ఒకటి అను చెల్లెమ్మా" అంది టికెట్టమ్మ. "పొద్దుట్నించీ ఏమీ అనట్లేదు నువ్వు."

"ఆయన మీద కోపమే ఇంకా తీరలేదు. మీ వంతు రావడానికి చాలా టైముంది" అన్నాను.

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. వరండాలోని బెంచీ మీద కూర్చోబెట్టి వీపు మీద చెయ్యి వేశాను. చీర కింద ఎముకలు తగిలాయి. వాటి కింద ఊపిరి లోపలికి పోవడానికి పెనుగులాడుతోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. మా ఆయన మింగాల్సిన సాయంత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆమెను ఇంకెన్నాళ్లు నడిపిస్తాయో తెలియదు. దగ్గు ఆగాక కూడా నేను చెయ్యి తీయలేదు.