ఉచ్చీరప్ప వదిలిన దారం

కుడికాలితో కత్తిపీట చెక్కను అదిమిపట్టి, ఎడమచేతి బొటనవేలిని బొచ్చె చేప దవడ కిందికి దూర్చి, ఉచ్చీరప్ప తోక నుంచి తలవైపుగా పొలుసు గీకుతున్నాడు. పొలుసులు ఎగిరి మోచేతుల మీద, మోకాళ్ల మీద, నెరిసిన గడ్డం మీద పడుతున్నాయి. వాటిని అప్పటికప్పుడు తుడుచుకోవడం ఎన్నడో మానేశాడు. అంగడి కట్టేశాక కొళాయి దగ్గర కూర్చుని ఒకేసారి కడుక్కుంటాడు. ఎంత కడిగినా మెడ వెనక ఒకటో రెండో మిగిలిపోతాయి. ఇంటికి పోయాక భార్య గంగమ్మ వాటిని గోటితో గిల్లి తీస్తూ, "ఇంగా ఎన్నేండ్లు మోస్తావయ్యా ఈటిని" అంటుంది.

ఆదివారం కాబట్టి ఆదోని చేపల అంగళ్ల ముందు మనుషులు ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగి చూస్తున్నారు. ఉచ్చీరప్ప అందరికంటే కింద కూర్చుంటాడు. కొనేవాళ్లకు అతని నెత్తిన కట్టిన తుండుగుడ్డ, ఆడే చేతులు తప్ప మొహం కనబడదు. చూసే పని కూడా వాళ్లకు లేదు. "తల ఉంచు", "ముక్కలు సన్నగా కొట్టు", "తొందరగా కానీ" అని ఆ తుండుగుడ్డకే చెప్పి పోతారు. పేరు తెలిసినవాళ్లు తక్కువ. కోసే ఆయప్ప అంటే సరిపోతుంది. మనిషి పొట్టి. వేళ్లు మాత్రం పొడవు. నీళ్లలో నాని నాని వాటి కొనలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి.

"ఉచ్చీరప్పా, ఆ బొచ్చెను పక్కనబెట్టి ఇట్ల రా" అని అంగడి యజమాని నాగేష్ పిలిచాడు.

కోస్తా నుంచి వచ్చిన థర్మోకోల్ పెట్టె మూత తీసి ఉంది. నాగేష్ పైన ఐసు తోసి చూపించాడు. ఎవరో గృహప్రవేశం చేసుకుని, మరునాడు చుట్టాలకు పెట్టడానికి చెప్పి తెప్పించుకున్న చేప. పెట్టెలో పట్టక తోక పక్కకు మడిచి పెట్టారు. కంచు రంగు వీపు, వెండి పొట్ట, కంటి పైన లోపలికి ఒంగిన నొసలు, పిడికిలి దూరేంత నోరు.

"పండుగప్ప" అన్నాడు నాగేష్. "ఇంత పెద్దది మన అంగట్లకు ఎప్పుడూ రాలే."

ఉచ్చీరప్ప చెయ్యి చాపి దాని నొసటి మీద పెట్టాడు. ఐసు చల్లదనం మోచేతి దాకా పాకింది. తీయాలనిపించలేదు.

"ఏమప్పా, కోసేదానికి ముహూర్తం సూస్తాండావా?" అని నాగేష్ నవ్వాడు.

ఈ చేపను ఉచ్చీరప్ప వయసులో ఉండగా ఒకసారి చూశాడు, ప్రాణంతో.

వానలు లేని ఏడాది, ఎమ్మిగనూరు నుంచి ఒక మేస్త్రీ కొంతమందిని బళ్లారి మీదుగా రైలెక్కించి, గోవాలో వాస్కో దాకా తీసుకుపోయాడు. సముద్రానికి అడ్డంగా రాళ్లు పేర్చే పని. వాళ్లలో ఉచ్చీరప్ప, గోవిందు ఇద్దరూ పక్కపక్క వీధులవాళ్లు. నల్లరేగడిలో పుట్టి పెరిగిన ఆ ఇద్దరికీ అంత నీటిని ఒకేచోట చూడటం మొదట్లో భయమేసింది. తర్వాత ఆ భయమే అలవాటై, సెలవు దొరికితే రాళ్ల మీదికే పోయి కూర్చునేవాళ్లు. అక్కడ ఒక ముసలి బెస్త వాళ్లకు గాలం వేయడం నేర్పాడు. కర్రముక్కకు చుట్టిన నైలాను దారం, కొసన రొయ్య. చిన్నాచితకా చేపలు పడేవి. కాల్చుకుని తినేవాళ్లు.

ఒక సాయంత్రం పోటు ఎక్కుతున్న వేళ ఉచ్చీరప్ప చేతిలోని దారం బుసకొట్టినట్టు లాక్కుపోయింది. అరచెయ్యి తెగింది. అంత దూరాన చేప నీళ్లలోంచి నిలువునా లేచి, తల విదిలించి పడింది. దాని చెవుల మొప్పలు తలుపు రెక్కల్లా కొట్టుకున్న చప్పుడు గట్టుదాకా వినబడింది. ముసలి బెస్త లేచి నిలబడి "చొణక్! చొణక్!" అని అరిచాడు. పండుగప్పను అక్కడ అలా అంటారని ఉచ్చీరప్పకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. వదులుతూ, చుడుతూ, వదులుతూ, చుడుతూ దాన్ని రాళ్ల దగ్గరికి తెచ్చాడు. "నువ్వు పట్టుకోని ఉండు, నేను దిగుతా" అని గోవిందు పాచిరాళ్ల మీద కిందికి దిగాడు. వంగి చేప చెవిలో చెయ్యి పెట్టాడు. అప్పుడే అల వచ్చింది. అల వెనక్కి పోయేసరికి గోవిందు లేడు. రెండు రాళ్ల మధ్య మణికట్టు దాకా ఒక చెయ్యి కనబడుతోంది.

ఉచ్చీరప్ప రెండు పిడికిళ్లలోనూ దారం ఉంది. రెండూ విప్పాడు.

గోవిందును పైకి లాగి పడుకోబెట్టి తిరిగి చూస్తే, దారం చుట్టిన కర్రముక్క రాళ్ల మీద ఎగిరెగిరి నీళ్లలోకి పోయింది. గోవిందు ఉప్పునీళ్లు కక్కుకున్నాడు. కళ్లు తెరిచి మొదట అన్నమాట, "సేప యాడ?"

"పోయింది" అన్నాడు ఉచ్చీరప్ప.

గోవిందు ఏడ్చాడు. ప్రాణం పోయి వచ్చినందుకు కాదు, చేప పోయినందుకు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఇంకా లావు దారంతో అదే రాయి మీద కూర్చున్నారు. అది మళ్లీ రాలేదు. పని అయిపోయింది. ఊరికి వచ్చేశారు. ఉచ్చీరప్ప పెళ్లి చేసుకుని ఆదోనిలో కాపురం పెట్టాడు. పత్తి మిల్లులో కొన్నాళ్లు చేశాడు. తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలినప్పుడు గాలం తీసుకుని పోయేవాడు. ఆ నీళ్లు ఒక పక్కకే పోతాయి, ఊపిరి తీసినట్టు ముందుకూ వెనక్కూ కదలవు. కొన్నాళ్లకు పోవడం మానేశాడు. చివరికి ఈ కత్తిపీట దగ్గర కుదురుకున్నాడు. సముద్రం పెట్టెల్లో వస్తుంది గదా అని ఎవరితోనూ అనలేదు గాని, అతను ఈ పనికి ఒప్పుకున్నది అందుకే.

గోవిందు సంగతి వేరు. అతను ఆ చేపను మాటల్లో పట్టుకున్నాడు. పెళ్లిళ్లలో, టీ అంగళ్లలో, మగ్గాల దగ్గర ఎక్కడ నలుగురు కూడితే అక్కడ చెప్పేవాడు. ఏటికేడు చేప పెరిగింది. మొదట మూరెడు, తర్వాత బారెడు, తర్వాత లేగదూడ. ఉచ్చీరప్ప పక్కన ఉంటే ఇంకా ఉత్సాహం. "ఈయప్ప నా కోసం దాన్ని ఇడిసిపెట్టినాడు" అని భుజం మీద చెయ్యేసేవాడు. ఆ మాట దగ్గరికి రాకముందే ఉచ్చీరప్ప బీడీ అనో నీళ్లనో లేచి వెళ్లిపోయేవాడు.

పిడికిళ్లు విప్పినందుకు అతనికి ఒక్కనాడూ పశ్చాత్తాపం కలగలేదు. చేప మీద ఆశ మాత్రం చావలేదు. కలలో ఒక చేత దారం, ఒక చేత గోవిందు, రెండూ పట్టుకునే ఉంటాడు. మెలకువ వచ్చేసరికి కుడిచెయ్యి బిగుసుకుని ఉంటుంది. ఆ చేప కావాలనుకోవడం అంటే ఈ మనిషి వద్దనుకున్నట్టు అవుతుందేమోనని గంగమ్మకు కూడా చెప్పుకోలేదు. గోవిందు మూత్రపిండాలు చెడి మంచాన పడ్డాక, చూడటానికి పోవడం తగ్గిపోయింది. పోతే చేప మాట వస్తుంది. చివరిసారి పోయి ఇప్పటికి ఏడాది దాటింది.

"కొయ్యి మరి" అన్నాడు నాగేష్.

ఉచ్చీరప్ప కోశాడు. ముక్కలు సమంగా పడ్డాయి. కొన్నవాళ్లు వద్దన్న తల పక్కన పెట్టి, "ఇది నాకియ్యి" అని అడిగాడు. ఇన్నేళ్లలో అతను అడిగి తీసుకున్నది లేదు. నాగేష్ వింతగా చూసి, దానితోపాటు మెడ దగ్గరి ముక్క కూడా సంచిలో వేశాడు.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సెక్కాడు. పక్కన కూర్చున్న ఆవిడ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంకో సీటుకు పోయింది. అతను సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కిటికీ దగ్గరికి జరిగాడు. మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి బండ్లు దారంతా అడ్డం. అరేకల్లు దాటాక రోడ్డు ఖాళీ అయింది. రెండు వైపులా కాయలు పగిలిన పత్తి చేలు ఎండకు తెల్లగా, గాలికి ఒక పక్కకు ఒంగి లేస్తున్నాయి. ఉచ్చీరప్ప వాటిని ఊరు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.

గోవిందు ఇంటి వీధిలో ఇంకా రెండు మూడు మగ్గాలు ఆడుతున్నాయి. వాకిట్లో చాట పట్టుకున్న అతని భార్య హులిగమ్మ లేచి నిలబడింది.

"ఏమన్నా, దోవ తప్పి వచ్చినావా?"

"సేప తెచ్చినామ్మా. వాడు తినొచ్చునా?"

"రోంత తినొచ్చు. ఉప్పే కూడదన్నారు." ఆమె సంచి అందుకుంది. "లోపలికి పో. మేలుకోనే ఉండాడు. రేపు మల్ల ఆదోనికి రక్తం కడిగించుకునేదానికి పోవాల."

గోవిందు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. చేతులు మాత్రం మగ్గం బద్దల్లా సన్నబడ్డాయి. "రాప్పా" అన్నాడు. వానల గురించి అడిగాడు. గంగమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. ఆసుపత్రిలో పక్క మంచం వాడు ఈ నడుమ రావడం లేదని చెప్పాడు. ఉచ్చీరప్ప అన్నిటికీ ఊ కొడుతూ చేప మాట కోసం కాచుకున్నాడు. అది రాలేదు. పులుసు వాసన వచ్చింది. హులిగమ్మ పళ్లెం తెచ్చి పెట్టింది. గోవిందు చేప చెంప కండ రవ్వంత తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు లేదని ముద్ద దిగదేమో" అంది హులిగమ్మ.

"సముద్రంల ఉండి వచ్చిందే. దానికి మల్ల ఉప్పెందుకు" అన్నాడు గోవిందు. అంతే అన్నాడు. తర్వాత మళ్లీ వానల సంగతికి పోయాడు.

హులిగమ్మ పళ్లెం తీసుకుని బయటికి పోయింది. ఉచ్చీరప్పకు ఏదో తెలియని దిగులు పుట్టింది. ఎవరి నోట వినకూడదనుకుని ఇన్నేళ్లు లేచిపోయాడో, ఆ నోటి నుంచి ఇక ఆ మాట రాదేమోననిపించింది.

"గోవిందూ, ఆ సేప ఎంతుండె?"

"ఏ సేప?"

"మనది."

గోవిందు దుప్పటి మీంచి రెండు చేతులూ మెల్లగా లేపి, వాటి మధ్య జానెడో జానెడున్నరో ఎడం చూపించాడు. "ఇంతుండె."

"అంతేనా?"

"అంతే ఉంటాది లేప్పా. నేనే ఊరికే పెంచి పెంచి సెప్తాంటి."

ఉచ్చీరప్ప లేచి మంచం మీద కూర్చున్నాడు. గోవిందు మణికట్లు రెండూ పట్టుకున్నాడు. పట్టుకుని దూరంగా జరిపాడు. "కాదు. ఇంగా." ఇంకొంచెం జరిపాడు. "ఇంగా." గోవిందు ఎడమచెయ్యి గోడకు తగిలింది. "ఇదో, ఇంతుండె. నేను సూసినా గదా."

గోవిందుకు నవ్వు వచ్చింది, నవ్వుతో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "నీకు బాధ కాలేదా అప్పుడు?" అని అడిగాడు.

"అయింది. ఇప్పటికీ అయితుంది."

"నా మిందనా?"

"నీ మింద కాదు. అది కావాలనిపిస్తాది. నువ్వూ కావాలనిపిస్తాది. రెండూ. అంతే."

గోవిందు తల ఊపాడు. "నాకూ అంతేప్పా. నేను దాని సెవులో సెయ్యి పెట్టినా గదా. ఇంగా నా సేతి ఏళ్లకు తెలుస్తాంటాది."

ఉచ్చీరప్ప అతని చేతుల వైపు చూశాడు. ఆ సంగతి అతనికి ఎన్నడూ తట్టలేదు. తాను దారమే పట్టుకున్నాడు. చేపను తాకింది గోవిందు.

"ఎప్పుడూ సెప్పలేదే!"

"నువ్వు ఉంటే గదా. సగంల లేసిపోతాంటివి."

"ఇప్పుడు సెప్పు. ఎట్లుండె?"

గోవిందు కళ్లు మూసుకున్నాడు. "లోపల గరుకుగా ఉండె. ఆకురాయి మాదిరి. సల్లగా ఉంటాదనుకుంటి, గానీ లోపల ఏదో కొట్టుకుంటాండె. దాని గుండెకాయో, నా సెయ్యో తెలీలే. ఒక సూపు సూసిందప్పా నన్ను. భయం లేదు దానికి. దారం ఎప్పుడు ఇడిసినావో, నాకంటే దానికే ముందు తెలిసింది. నా ఏళ్లల్లోంచి మెల్లగా పోయింది, గుంజుకోని పోలేదు…"

చాలాసేపు చెప్పాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, చెప్పిందే మళ్లీ చెబుతూ చెప్పాడు. ఉచ్చీరప్ప బీడీకి లేవలేదు, నీళ్లకు లేవలేదు. గోవిందు గొంతు సన్నగిల్లి నిద్రలోకి జారాక దుప్పటి సర్ది బయటికి వచ్చాడు.

ఎండ తగ్గింది. హులిగమ్మ వాకిట్లో చొక్కా పిండుతోంది. రేపు ఆసుపత్రికి వేయాల్సిన తెల్లచొక్కా. దాన్ని దులిపి తాడు మీద వేసి, కాలరు సరిచేసింది.

"ఇన్ని దినాలకు నవ్వినాడన్నా. బయట్నుంచి ఇంటాంటి" అంది. "ఇట్లే వస్తాండు."

"వస్తానమ్మా. వచ్చే ఆదివారం వస్తా."

మగ్గం ఒకటి ఆగింది. వీధి చివర బస్సు హారన్ వినబడింది. చెప్పి పోదామని ఉచ్చీరప్ప లోపలికి వెళ్లాడు. "పోతాండాను గోవిందూ" అన్నాడు. గోవిందు తల గోడ వైపు ఒరిగి ఉంది. చేతులు దుప్పటి మీద, ఎవరో జరిపి పెట్టినట్టు ఎడంగా ఉన్నాయి. ఉచ్చీరప్ప వంగి మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ల కింద ఏదీ కొట్టుకోవడం లేదని తెలిసి మంచం మీదే కూర్చుండిపోయాడు. ఈసారి లాగడానికి బరువేమీ లేదు.

బస్సు వెళ్లిపోయిన చప్పుడైంది.

అతను గడప దాటి బయటికి వచ్చి నిలబడ్డాడు. హులిగమ్మ చాటలోని బియ్యం నుంచి తలెత్తి అతని మొహం చూసింది. చాట కింద పెట్టి లోపలికి పరుగెత్తింది. తాడు మీద తెల్లచొక్కా రెండు చేతులూ చాపుకుని, అంచుల నుంచి ఇంకా నీళ్లు కారుస్తూ ఉంది.