సగం బిస్కెట్టు

పెరట్లో గుమ్మడితీగ తెగిన చప్పుడు వినగానే టైలరమ్మ కుట్టుమిషను ఆపేసింది. కిటికీలోంచి చూస్తే అనుకున్నంతా అయింది. ఆడపడుచు పండిన గుమ్మడికాయను చంకన పెట్టుకుని, రెండో చేత్తో నాలుగు క్యారెట్లు పట్టుకుని, తన వాటా వంటింట్లోకి దర్జాగా నడిచిపోతోంది. ఆ మళ్ళు చేసిందెవరు? టైలరమ్మ మొగుడు. ఆయన పోయి వారం కాలేదు, అప్పుడే కాయలకు వారసులు తయారయ్యారు.

"మా ఆయన నాటిన కాయ అది!" అని కిటికీలోంచి గాల్లోకి అరిచింది.

జవాబు ఆమెకు రాలేదు. వరండాలో పడుకున్న కుక్కకు వచ్చింది.

"మేనేజరూ! నా తమ్ముడు నీకోసం నాటిన కాయ ఇది. ఎవరి ఏడుపులూ మనకక్కర్లేదు."

ఆ ఇంట్లో పద్ధతే అంత. పదకొండేళ్ళుగా వదినామరదళ్ళకు మాటల్లేవు. తిట్టుకోవాలంటే గోడకో కుక్కకో చెప్పుకోవాలి. ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరిదీ కాబట్టి ఒకరినొకరు వెళ్ళగొట్టే వీలు లేదు. నడుమ గోడ లేపి రెండు వంటిళ్ళు చేసుకున్నారు. ఇంతా చేసి కారణం ఏమిటయ్యా అంటే, ఒకపూట చుట్టాల ముందు ఆడపడుచు, "పెళ్ళికి ముందు నా తమ్ముడు ఎలా ఉండేవాడు! ఇప్పుడు చూడండి, పుల్లలా అయిపోయాడు" అన్నది. అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే టైలరమ్మ మొగుడికి తేల్చి చెప్పింది: "మీ అక్క చేతి మెతుకు ముట్టుకుంటే, ఇక నా చేతి మెతుకు ముట్టొద్దు." గొడవంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. తలూపి, పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కుక్కకు మేనేజరని పేరు పెట్టింది ఆయనే. పని చేయదు, అందరి మీదా అరుస్తుంది, వేళకు తిండి మాత్రం పడాలి. గుమ్మడీ క్యారెట్టూ ఉడికించి, మెత్తగా మెదిపి, గోధుమపిండిలో కలిపి ఉప్పు లేకుండా కాల్చిన బిస్కెట్లంటే దానికి ప్రాణం. రోజూ సాయంత్రం ఆయన డబ్బాతో పెరట్లోని షెడ్డు మెట్టు మీద కూర్చునేవాడు. ఒక బిస్కెట్టు తీసి సగం కొరికేవాడు, మిగతా సగం దానికి పెట్టేవాడు. "కుక్క తిండి తింటున్నారు, సిగ్గులేదూ?" అని టైలరమ్మ కసిరితే, "నేను చేసిందేగా, రుచి చూడొద్దూ?" అనేవాడు. షెడ్డులో స్టవ్వు ఒకటి ఉండేది. ఆవిడ అంతకుమించి అడగలేదు.

ఆయన పోయిన రోజు నుంచి మేనేజరు ఏమీ తినలేదు. టైలరమ్మ తన అన్నం సగం తిని సగం పెట్టి చూసింది, వాసన కూడా చూడలేదు. నిన్న పశువుల డాక్టరు వచ్చి, "ముసలి ప్రాణమండీ. రేపటిలోగా ఏదైనా తింటే సరే, లేకపోతే నా చేతిలో ఏం లేదు" అని చెప్పి సంచి సర్దుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా బిస్కెట్ల వాసన ఇల్లంతా కమ్మేసింది. ఆడపడుచు ముప్పై ఏళ్ళు బేకరీలో పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి, పనితనం ఎక్కడికి పోతుంది? పళ్ళెం తెచ్చి వరండాలో పెట్టింది. మేనేజరు ముక్కు చాపింది, తోక ఒకసారి కదిపింది, మొహం తిప్పుకుంది. మూడు రోజుల్లో ఇది మూడో వాయి.

గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మకు కడుపు చల్లబడింది. కారణం ఆవిడకు తెలుసు. మేనేజరు జన్మలో కొరకని బిస్కెట్టు తినలేదు, కొరికిచ్చిన సగమే తిన్నది. ఆ ఒక్కమాట చెప్తే పోయేదేముంది? ఉంది. ఆడపడుచు గెలిచిపోతుంది. మొగుడి కుక్కను కూడా ఆవిడకు అప్పగించినట్టే అవుతుంది.

"మేనేజరూ, నిన్ను తిననివ్వకుండా ఎవరో ఏదో చేశారే," అన్నది ఆడపడుచు.

"నేనేం చేశాను?" అన్నది టైలరమ్మ గోడతో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

అప్పుడే మేనేజరు లేవబోయింది. ముందుకాళ్ళు జారి, గడ్డం గచ్చుకు టపీమని తగిలింది. మళ్ళీ లేవలేదు. కళ్ళు మాత్రం షెడ్డు మెట్టు వైపే ఉన్నాయి.

టైలరమ్మ పళ్ళెం ముందు చతికిలబడింది. ఒక బిస్కెట్టు తీసి కళ్ళు మూసుకుని సగం కొరికింది. పదకొండేళ్ళ పంతం పంటికింద పటుక్కుమంది. మిగతా సగం చేత్తో అందిస్తే మేనేజరు వాసన చూసి, నెమ్మదిగా అందుకుని, నమిలి మింగింది. ఇంకో సగం. ఇంకో సగం. అలా నాలుగు.

"వాడు సగం కొరికి పెట్టేవాడా?" ఆడపడుచు నేరుగా ఆవిడనే అడిగింది, పదకొండేళ్ళలో మొదటిసారి. "అందుకా! రోజుకు నాలుగు చాలు ఆ కుక్కకి. వాడు పన్నెండు చేయించుకునేవాడు."

"చేయించుకోవడమేంటి? షెడ్డులో ఆయనే చేసేవారు."

"ఆ స్టవ్వు వెలిగి పదేళ్ళయింది. వెళ్ళి చూసుకో."

టైలరమ్మ వెళ్ళింది. స్టవ్వు మీద విత్తనాల పొట్లాలు, వాటి మీద దుమ్ము. గ్యాసు గొట్టం ఊడి కిందికి వేలాడుతోంది. పక్కనే బిస్కెట్ల డబ్బా ఉంది, మూత మీద ఆడపడుచు పనిచేసిన బేకరీ బొమ్మ. ఇన్నాళ్ళూ ఆయన ఆ మూతను ఒళ్ళో బోర్లా పెట్టుకునేవాడు.

తిరిగొచ్చేసరికి ఆడపడుచు గోడకు ఆనుకుని ఉంది. "నువ్వు వద్దన్న చేతి ముద్దే. కుక్క పేరు చెప్పుకుని తిన్నాడు నా తమ్ముడు."

టైలరమ్మకు మొదట పోయినవాడి మీద కోపం వచ్చింది. పదేళ్ళు కళ్ళెదుటే కూర్చుని మోసం చేశాడు. ఆ తర్వాత సిగ్గేసింది. కట్టుకున్నవాడిని కుక్క తిండి తినే గతికి తెచ్చింది తనే.

"ఉప్పు లేదు," అన్నది.

"కుక్కకి పడదు."

"ఆయనకైనా వేసుండొచ్చుగా."

"అడిగా. ఉప్పేస్తే నువ్వు కనిపెట్టేస్తావన్నాడు."

టైలరమ్మ ఇంకో బిస్కెట్టు తీసి సగం కొరికి, కుక్క వైపు తిరిగి చెప్పింది:

"మేనేజరూ, రేపటి నుంచి కూడా పన్నెండే చేయమని చెప్పు."